పచ్చ కవచం, పసుపు వెలుగు: వార్‌గేమ్ బొమ్మలకు ఆకుపచ్చ రంగుల ఎంపిక

తెలుగులో ‘పచ్చ’ అన్న మాట ఒక్కటే రెండు రంగులను మోస్తుంది. పసుపుకొమ్మునూ పచ్చగా ఉందంటాం, మామిడి తోరణాన్నీ పచ్చగా ఉందంటాం. తేడా చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రమే పసుపుపచ్చ అనీ ఆకుపచ్చ అనీ విడదీస్తాం. నారుమడినీ, ఎదిగిన వరిచేనునూ, అరటి ఆకు వెనుక నుంచి ఎండ పడినప్పుడు ఆ ఆకులో వెలిగే రంగునూ చూసిన కంటికి ఈ రెండు రంగుల మధ్య గోడ లేదనీ, ఒక వాలు మాత్రమే ఉందనీ తెలుసు. బొటనవేలంత యుద్ధవీరుడి బొమ్మ మీద ఆకుపచ్చ కవచానికి రంగు వేయడంలోని చిక్కంతా ఆ వాలు మీద ఎక్కడ నిలబడాలి, వెలుగు పడే చోట ఎటు నడవాలి అన్న ప్రశ్నలోనే ఉంది. ఏ సీసా కొనాలన్న ప్రశ్నకు జవాబు ఆ తరువాతే దొరుకుతుంది.

ఈ ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట వార్‌హామర్ 40,000 ఆటగాళ్లకు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో ఈ ఆటను విడుదల చేసింది. అందులోని స్పేస్ మెరీన్లు అనే కవచధారులు చాప్టర్లుగా విడిపోయి ఉంటారు; ప్రతి చాప్టర్‌కూ తనదైన రంగు ఉంటుంది. ఆకుపచ్చ వాటిలో పేరెన్నికగన్నవి రెండు: ముదురు ఆకుపచ్చ ధరించే డార్క్ ఏంజెల్స్, చిలకపచ్చకు దగ్గరగా ఉండే సాలమాండర్స్. వీటికి తోడు నీలం కలిసిన సముద్రపచ్చ వేసుకునే సన్స్ ఆఫ్ హోరస్, పాలిపోయిన పాచి రంగు డెత్ గార్డ్, ఇంకా సైనిక దుస్తుల పచ్చలో కనిపించే మామూలు పదాతిదళాలు ఉన్నాయి. అన్నిటినీ ఒకే మాటతో ఆకుపచ్చ అంటాం కాబట్టి, ఒక దాని కోసం రాసిన రంగుల వరుసను మరొక దాని మీద వాడి నిరాశపడేవారు చాలామంది.

రంగు గురించి మాట్లాడేటప్పుడు మూడు విషయాలను వేరువేరుగా చూడాలి. మొదటిది ఛాయ: ఆ పచ్చ పసుపు వైపు ఒరిగిందా, నీలం వైపు ఒరిగిందా అన్నది. రెండోది గాఢత: చిలక రెక్కలా నిండుగా ఉందా, ఎండిన పాచిలా మాసిపోయి ఉందా అన్నది. మూడోది వెలుతురు మెట్టు: రంగునంతా తీసివేసి నలుపు తెలుపు ఫొటోగా మారిస్తే అది ఎంత నల్లగా, ఎంత తెల్లగా మిగులుతుందన్నది. కొత్తగా కుంచె పట్టినవారు మొదటి రెండింటి గురించే మథనపడతారు. కానీ బల్లకు అవతల నిలబడిన మనిషికి బొమ్మ ఆకారాన్ని చూపించేది మూడోదే. కవచం పలకకూ పలకకూ మధ్య గాడి ముదురుగా, పలక అంచు లేతగా, నడుమ భాగం మధ్యస్థంగా ఉంటే ఛాయ కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ నిలబడుతుంది. మూడూ ఒకే మెట్టు మీద ఉంటే మాత్రం ఎంత ఖరీదైన రంగు వాడినా అది ప్లాస్టిక్ ముద్దలాగే మిగిలిపోతుంది.

అసలు వెలుగునూ నీడనూ కుంచెతో వేయవలసిన అవసరం ఎందుకు అని అడిగేవారికి జవాబు బొమ్మ పరిమాణంలో ఉంది. ఈ బొమ్మలు సుమారు 28 నుంచి 32 మిల్లీమీటర్ల తరగతికి చెందినవి. అంటే నిలువెత్తు మనిషిని దాదాపు అరవయ్యో వంతుకు కుదించినట్టు. నిజమైన మనిషి భుజకవచం కింద జానెడు వెడల్పున పడే నీడ ఈ బొమ్మలో మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటదు. గదిలో నలువైపుల నుంచీ పరావర్తనమయ్యే కాంతి అంత చిన్న నీడను సులభంగా తుడిచేస్తుంది. కాబట్టి ఈ పరిమాణంలో సహజంగా పుట్టని నీడను మనమే గీయాలి, సహజంగా మెరవని అంచును మనమే మెరిపించాలి.

ఇక ఆకుపచ్చకే ప్రత్యేకమైన విషయానికి వద్దాం. పగటి వెలుతురులో మానవనేత్రం అన్నిటికన్నా ఎక్కువగా స్పందించేది 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర; అది పసుపు వైపు ఒరిగిన ఆకుపచ్చ. అందువల్ల రంగులన్నీ నిండు గాఢతలో ఉన్నా వాటి వెలుతురు మెట్లు సమానంగా ఉండవు. కంప్యూటర్ తెర మీద కనిపించే శుద్ధమైన రంగులను వంద మెట్ల కొలమానంలో చూస్తే నీలం 32 దగ్గర, ఎరుపు 53 దగ్గర, ఆకుపచ్చ 88 దగ్గర, పసుపు 97 దగ్గర ఉంటాయి. గాఢత పోకుండా తెలుపుకు అతి చేరువగా వెళ్లగలిగిన రంగు పసుపు ఒక్కటే. దాని అర్థం ఇది: ఆకుపచ్చను లేతగా చేస్తూ, అదే సమయంలో దాని నిండుదనాన్ని కాపాడాలనుకుంటే వెళ్లవలసిన దిక్కు పసుపే. ఎండలో చెట్టును చూసినా ఇదే కనిపిస్తుంది. సూర్యకాంతి వెచ్చనిది కాబట్టి ఎండ తగిలిన ఆకు పసుపు వైపు జరుగుతుంది. నీడలోని ఆకుకు అందేది నీలాకాశపు వెలుతురు కాబట్టి అది నీలం వైపు ఒదుగుతుంది.

ఇది తెలియక చాలామంది చేసే పొరపాటు, నేను కూడా నా మొదటి దళం మీద చేసినది, ఆకుపచ్చలో తెలుపు కలిపి హైలైట్, అంటే వెలుగు పడే చోట వేసే లేత రంగు, వేయడం. నేటి తెల్ల రంగుల్లో దాదాపు అన్నిటికీ మూలం టైటానియం డయాక్సైడ్. దాని వక్రీభవన గుణకం సుమారు 2.7, రంగును పట్టి ఉంచే యాక్రిలిక్ జిగురుది 1.5 దరిదాపుల్లో ఉంటుంది. ఈ తేడా వల్ల కాంతి ఆ కణాల మధ్య విపరీతంగా చెదిరి తెలుపు దట్టంగా కప్పుతుంది. అదే గుణం వల్ల ఏ రంగులో కలిపినా అది గాఢతను తినేసి, సున్నం కలిపినట్టు పొడిపొడిగా, కొంచెం చల్లగా కనిపించేలా చేస్తుంది. ముదురు పచ్చ కవచం అంచున అటువంటి గీత వేస్తే వెలుగు పడినట్టు ఉండదు, పెచ్చు లేచినట్టు ఉంటుంది. మూడు దశాబ్దాలు ఎండా వానా తిన్న యుద్ధ ట్యాంకుకు ఆ సున్నపు తీరు బాగుంటుంది. ఆయుధాగారం నుంచి అప్పుడే బయటికి వచ్చిన కవచానికి నప్పదు. తెలుపు తప్పనిసరి అనిపిస్తే ఎముక రంగును, అంటే పసుపూ గోధుమా కలిసిన వెలిసిన తెలుపును కలపడం మేలు. ఆకుపచ్చ అప్పుడు కూడా కొంత మాసిపోతుంది గానీ చల్లబడదు.

నీడ విషయంలోనూ ఇటువంటి ఉచ్చే ఒకటి ఉంది. నలుపు కలిపితే ఏ రంగైనా ముదురుతుంది కదా అనుకుంటాం. కార్బన్ నలుపులో అంతర్లీనంగా నీలపు జీర ఉంటుంది. దాన్ని పసుపుతో కలిపి చూస్తే ఆలివ్ పచ్చ పుట్టడం ఎవరైనా పరీక్షించి తెలుసుకోవచ్చు. అందుకే పసుపు పాలు ఎక్కువున్న లేత పచ్చలో నలుపు వేస్తే అది ముదరడానికి ముందు బురదబారుతుంది. సైనిక దుస్తుల పచ్చకు ఆ బురదతనమే కావాలి. సాలమాండర్స్‌కు అది విషం. వారి నీడకు ముదురు నీలంగానీ, నీలపు జీర ఉన్న ముదురు ఆకుపచ్చగానీ కలిపితే గాడుల్లో లోతు వస్తుంది, పచ్చదనమూ నిలుస్తుంది. ఎరుపు చుక్క వేసి నీడ తయారుచేసే పద్ధతి కూడా ఉంది. ఆకుపచ్చకు ఎరుపు వ్యతిరేక రంగు కాబట్టి అది గాఢతను అణచి గోధుమరంగు కలిసిన నలుపును ఇస్తుంది. తోలు పట్టీల పక్కన, మట్టి అంటిన కాళ్ల దగ్గర ఆ నీడ ఎంతో సహజంగా ఉంటుంది.

సీసాలోని రంగు కుంచెకు ఎందుకు ఎదురు తిరుగుతుందో తెలియాలంటే దానిలోని వర్ణకాల గురించి కొంత తెలుసుకోవాలి. చిత్రకారులు వాడే యాక్రిలిక్ ట్యూబుల మీద పీజీ 7, పీజీ 36, పీజీ 17 అన్న గుర్తులు కనిపిస్తాయి; పీజీ అంటే పిగ్మెంట్ గ్రీన్, ఆకుపచ్చ వర్ణకం. పీజీ 7 అంటే థాలో గ్రీన్. 1930ల చివర వాడుకలోకి వచ్చిన ఈ రంగు రాగి పరమాణువు చుట్టూ అల్లుకున్న ఒక కర్బన సమ్మేళనానికి క్లోరిన్ చేర్చగా పుట్టింది. నీలపు జీర ఉంటుంది, పారదర్శకంగా ఉంటుంది, రవ్వంత వేసినా పళ్లెమంతా ఆక్రమిస్తుంది. క్లోరిన్‌లో కొంత భాగానికి బదులు బ్రోమిన్ చేరితే పసుపు వైపు ఒరిగిన పీజీ 36 వస్తుంది. పీజీ 17 వేరే జాతికి చెందినది. అది క్రోమియం ఆక్సైడ్, లోహపు ఖనిజం. మాసిన పచ్చ, కానీ ఒక్క పూతతోనే నల్లటి ప్రైమర్‌ను, అంటే రంగుకు ముందు వేసే పునాది పూతను, కప్పేస్తుంది. సైనిక వాహనాల మీద కనిపించే పచ్చకు సొంత గంభీరత్వం ఉండడానికి ఇటువంటి వర్ణకాల స్వభావమే కారణం.

నిండైన లేత పచ్చలు, పసుపులు ఎక్కువగా కర్బన వర్ణకాలతో తయారవుతాయి. అవి స్వతహాగా పారదర్శకమైనవి. మూట్ గ్రీన్ అనే లేత పసుపుపచ్చ వంటి రంగును నల్లటి ఉపరితలం మీద నేరుగా వేస్తే మూడు నాలుగు పూతలైనా చారలు చారలుగా కనిపించేది అందుకే. తప్పు కుంచెది కాదు, చేతిదీ కాదు. ఆ రంగు కింద ఏది ఉంటే అది పైకి కనిపిస్తుంది. ఈ గుణాన్ని లోపంగా కాక బలంగా వాడుకోవడం మన కలంకారీ కళాకారులకు ఏనాడో తెలుసు: సహజ వర్ణాల కలంకారీలో ఆకుపచ్చకు విడిగా ఒక రంగు ఉండదు, నీలిమందు నీలమూ పసుపూ ఒకదాని మీద ఒకటి పడిన చోట ఆకుపచ్చ పుడుతుంది. బొమ్మల మీద గ్లేజ్ అనే పద్ధతి చేసేది అదే పని. ముందు వెలుతురు మెట్లను బూడిదరంగులోనో లేత పచ్చలోనో పూర్తిచేసి, నీటితోనూ, గ్లేజ్ మీడియం అనే పారదర్శక ద్రవంతోనూ బాగా పలచబరిచిన పసుపుపచ్చను పైన పరిస్తే అంచుల మొరటుదనం తగ్గి మెట్లన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

సీసాల పేర్లు మరొక చిక్కు. గేమ్స్ వర్క్‌షాప్ సిటాడెల్ అన్న పేరుతో అమ్మే తన రంగులన్నిటికీ 2012లో పేర్లు మార్చింది. అంతకుముందు డార్క్ ఏంజెల్స్ గ్రీన్ అని పిలిచిన ముదురు పచ్చ స్థానంలోకి కాలిబాన్ గ్రీన్ వచ్చింది. కాలిబాన్ అన్నది ఆ చాప్టర్ పుట్టిన గ్రహం పేరు. స్నాట్ గ్రీన్ స్థానంలో వార్ప్‌స్టోన్ గ్లో, గోబ్లిన్ గ్రీన్ స్థానంలో వార్‌బాస్ గ్రీన్, స్కార్పియన్ గ్రీన్ స్థానంలో మూట్ గ్రీన్ నిలిచాయి. తరువాత 2019లో కాంట్రాస్ట్ రంగులు వచ్చినప్పుడు డార్క్ ఏంజెల్స్ గ్రీన్ అన్న పేరు మళ్లీ ప్రాణం పోసుకుంది, కానీ పూర్తిగా వేరే స్వభావంతో: పాతది దట్టంగా కప్పే రంగు, కొత్తది లేత ప్రైమర్ మీద పారి గాడుల్లో ముదురుగా, ఎత్తుల మీద పలచగా నిలిచే పారదర్శక ద్రవం. పాత సూచనలు చదివి కొత్త సీసా కొన్నవారికి ఫలితం ఎందుకు భిన్నంగా వచ్చిందో అర్థం కాకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు డార్క్ ఏంజెల్స్‌ను తీసుకుందాం. వారి కథలో ఆ దళం మొదట నల్లటి కవచమే ధరించేది, ముదురు పచ్చకు తరువాతి కాలంలో మారింది. ఇప్పటికీ వారిలో రెండో కంపెనీ అనే ఉపదళం నలుపునూ మొదటి కంపెనీ ఎముక రంగునూ ధరిస్తాయి. ఈ సంగతి రంగులు వేసేవారికి కేవలం కథ కాదు. ఆ పచ్చ నలుపుకు వారసురాలిగా కనిపించాలి. కాబట్టి నల్లటి ప్రైమర్, దాని మీద కాలిబాన్ గ్రీన్ రెండు పలచని పూతలు, గాడుల్లో మాత్రమే నల్న్ ఆయిల్ అనే నల్లటి షేడ్, అంటే గాడుల్లోకి పారే పలచని నీడరంగు, సరైన పునాది. షేడ్‌ను బొమ్మంతా పులిమితే పలకల మధ్యభాగం మచ్చలు కట్టి మాసిపోతుంది. సన్నని కుంచెతో గాడి వెంబడి నడిపించి, అంచు దాటినదాన్ని తడి కుంచెతో తుడిచేయాలి.

ఆ తరువాతి మెట్టులోనే అందరూ తడబడతారు. నలుపును సున్నా, తెలుపును పది అనుకుంటే కాలిబాన్ గ్రీన్ నా కంటికి రెండుకీ మూడుకీ మధ్య ఉంటుంది. వార్ప్‌స్టోన్ గ్లో నాలుగు దగ్గర, మూట్ గ్రీన్ ఆరు దాటి ఉంటాయి. కాలిబాన్ మీద నేరుగా మూట్ గ్రీన్ గీత గీస్తే నాలుగు మెట్లు ఒక్కసారి దూకినట్టవుతుంది. బొమ్మ చుట్టూ ప్రకాశించే దారం చుట్టినట్టు కనిపిస్తుంది. వార్ప్‌స్టోన్ గ్లోతో అన్ని అంచులూ గీసి, మూట్ గ్రీన్‌ను పైకి చూసే అంచులకూ, రెండు అంచులు కలిసే మూలలకూ, శిరస్త్రాణం కంటి పైభాగానికీ మాత్రమే పరిమితం చేయాలి. ఆ మూలల్లో అది గీత కాదు, చుక్క. డార్క్ ఏంజెల్స్‌ను లేతపరచడానికి భయపడి వార్ప్‌స్టోన్ దగ్గరే ఆపేసేవారి బొమ్మలు చేతిలో అందంగా, బల్ల మీద నల్ల మరకలుగా కనిపిస్తాయి. ముదురు కవచానికి చివరి చుక్కలు మరింత లేతగా ఉండాలే తప్ప తక్కువ లేతగా కాదు, అయితే అవి ఆక్రమించే చోటు చాలా చిన్నదిగా ఉండాలి.

సాలమాండర్స్‌కు ఈ లెక్క తిరగబడుతుంది. వారి కవచమే మధ్య మెట్టు మీద మొదలవుతుంది కాబట్టి పైకి వెళ్లడానికి మిగిలిన మెట్లు తక్కువ. నోక్టర్న్ అనే అగ్నిపర్వతాల గ్రహం నుంచి వచ్చిన ఈ వీరుల చర్మం కాటుకలా నల్లనిది, కళ్లు ఎర్రని నిప్పులు, భుజకవచాలు నల్లనివి, వాటి మీద తరచుగా జ్వాలల చిత్రాలు ఉంటాయి. చుట్టూ ఇంత నలుపు ఉన్నందువల్ల ఆకుపచ్చ తనంతట తానే వెలుగుతుంది. దాన్ని మరీ ముదురుగా మొదలుపెడితే ఆ విరోధమంతా వృథా. బూడిదరంగు ప్రైమర్ మీద పైనుంచి తెలుపు చల్లి, వాఘ్ ఫ్లెష్ అనే ముదురు పచ్చను పలచగా వేసి, బీల్-టాన్ గ్రీన్ షేడ్‌ను గాడుల్లోకి పంపి, వార్ప్‌స్టోన్ గ్లోతో పలకల పైభాగాలను విశాలంగా కప్పి, మూట్ గ్రీన్‌తో అంచులు గీయడం నాకు బాగా పనిచేసిన వరుస. చివరి మెట్టుకు మూట్ గ్రీన్‌లోనే ఫ్లాష్ గిట్జ్ యెల్లో మూడోవంతు కలపాలి. ఇక్కడ తెలుపు ముట్టుకోనేకూడదు. నల్ల భుజకవచాల అంచులను చల్లని బూడిదరంగుతో గీస్తే పక్కనున్న పచ్చ మరింత వెచ్చగా కనిపిస్తుంది.

మామూలు పదాతిదళాల పచ్చ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కాస్టెల్లన్ గ్రీన్ మీద లోరెన్ ఫారెస్ట్, దాని మీద స్ట్రాకెన్ గ్రీన్. లేదా డెత్ వరల్డ్ ఫారెస్ట్ మీద ఎలీసియన్ గ్రీన్, దాని మీద ఓగ్రిన్ కామో. రెండు వరుసలూ మెట్లు సమంగా ఎక్కుతాయి, రెండూ పసుపు వైపే నడుస్తాయి, గాఢత తక్కువ కాబట్టి చిన్న చిన్న తప్పులు కనబడవు. కొత్తవారు మొదట వీటి మీద చేయి తిప్పుకుని ఆపైన సాలమాండర్స్ దగ్గరికి వెళ్లడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

పసుపు వైపు నడవమన్న సూత్రం వర్తించని చోటు ఒకటుంది. సన్స్ ఆఫ్ హోరస్ మొదట లూనా వోల్వ్స్ అన్న పేరుతో తెల్లని కవచం ధరించారు, తరువాత సముద్రపచ్చకు మారారు. ఆ పచ్చలోని అందమంతా దానిలో దాగిన నీలంలోనూ బూడిదలోనూ ఉంది. దాని అంచున పసుపు కలిపిన హైలైట్ వేస్తే మూల రంగుకూ అంచుకూ మధ్య బంధుత్వం తెగిపోతుంది. పాత రాగిపాత్ర మీద చిలుము చేరినట్టు అనిపిస్తుంది. ఇటువంటి చల్లని పచ్చను లేత నీలపు బూడిదరంగు కలిపి పైకి తీసుకువెళ్లాలి, నీడను నీలంతో గాక నలుపుతోనో చల్లని గోధుమతోనో దించాలి. నెమలి కంఠం రంగును కళ్ల ముందు పెట్టుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది: అందులో పచ్చ వెలిగే చోట కూడా నీలం చేయి వదలదు. మూల రంగు పసుపు పక్కనుందా నీలం పక్కనుందా అన్నది మొదట తేల్చుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. సందేహం ఉంటే ఆ రంగు చుక్కను తెల్లకాగితం మీద నీటితో బాగా పలచబరిచి పరిచి చూడండి. దాని అసలు మొగ్గు ఆ పలచని అంచు దగ్గర బయటపడుతుంది.

హైలైట్ ఎంత వెడల్పుగా ఉండాలన్న ప్రశ్నకు చాలామంది వీలైనంత సన్నగా అని జవాబు చెబుతారు. ఇది సగమే నిజం. మామూలు చూపున్న కన్ను విడదీయగలిగిన అతి చిన్న కోణం సుమారు డిగ్రీలో అరవయ్యో వంతు. ఆట ఆడేటప్పుడు బొమ్మకూ కంటికీ మధ్య ఉండే దూరం 90 సెంటీమీటర్లు అనుకుంటే ఆ కోణం పావు మిల్లీమీటరుకు సమానం. అంతకన్నా సన్నని గీత మాయమవదు గానీ, దాని వెలుతురు పక్కనున్న ముదురు రంగుతో కలిసి సగటుగా కనిపిస్తుంది. వెంట్రుకంత సన్నని మూట్ గ్రీన్ గీత దూరం నుంచి వార్ప్‌స్టోన్ గీతలా కనిపించేది అందుకే. ప్రదర్శనకు పెట్టే బొమ్మను జానెడు దూరం నుంచి చూస్తారు, దానికి వెంట్రుక గీత కావాలి. యుద్ధబల్ల మీది దళానికి గీత కొంచెం వెడల్పుగానో, మరో మెట్టు లేతగానో ఉండాలి. రెండూ ఒకేసారి చేస్తే మాత్రం అతి అవుతుంది.

గీతలు గీయడమే కాక పలకల నడుమ వెలుగును పరచడం మరొక పద్ధతి. నల్లటి ప్రైమర్ వేసిన బొమ్మ మీద నేరుగా పైనుంచి తెలుపునో లేత బూడిదనో చల్లితే ఆకాశం నుంచి వెలుగు పడిన తీరు ఒక్క నిమిషంలో తయారవుతుంది. దాన్ని జెనిథల్ పద్ధతి అంటారు. దాని మీద కాంట్రాస్ట్ రంగుగానీ పలచని గ్లేజ్‌గానీ వేస్తే పైభాగాలు లేతగా, కింది భాగాలు ముదురుగా వాటంతటవే నిలుస్తాయి. స్పేస్ మెరీన్ కవచం మీద పెద్ద పెద్ద నునుపైన పలకలు ఉంటాయి కాబట్టి కాంట్రాస్ట్ రంగు అక్కడ చెరువులు కట్టే ప్రమాదం ఉంది. గాడులూ ముడతలూ ఎక్కువున్న బొమ్మల మీద అది చూపే గొప్పతనం ఇక్కడ పూర్తిగా చూపలేదు. అందువల్ల నేను జెనిథల్ పునాదిని ఉంచుకుని, పైన మామూలు రంగునే రెండు మూడు పలచని పొరలుగా వేసి, చివర అంచులు గీస్తాను. ఎక్కువ సమయం పడుతుంది, కానీ ఆకుపచ్చకు ఆ శ్రమ దక్కాలి.

కవచం పక్కన ఏ రంగులు ఉన్నాయన్నది కూడా కవచం రంగును మారుస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ వస్త్రాల కర్మాగారంలో రంగుల అద్దకం విభాగాన్ని పర్యవేక్షించిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్, దారాల రంగు మసకబారిందన్న ఫిర్యాదులను పరిశీలించి, లోపం రంగులో లేదనీ, పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపుతున్నాయనీ గ్రహించి 1839లో ఆ సూత్రాన్ని ప్రకటించాడు. ఆకుపచ్చ పక్కన ఎరుపు పెడితే రెండూ మరింత నిండుగా కనిపిస్తాయి. డార్క్ ఏంజెల్స్ తుపాకుల ఎర్రటి తొడుగు, సాలమాండర్స్ ఎర్రటి కళ్లు పనిచేసేది ఇలాగే. అయితే ఎరుపు చిన్న భాగానికే పరిమితం కావాలి, దాని వెలుతురు మెట్టు పచ్చకు భిన్నంగా ఉండాలి. రెండూ ఒకే మెట్టు మీద పక్కపక్కన ఉంటే సరిహద్దు కంటికి నిలకడగా ఆనదు. ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టలేని చూపున్న ఆటగాళ్లు కూడా ఉంటారు, అటువంటివారికి ఆ మెట్ల తేడా ఒక్కటే దారి. ఎముక రంగు అంగీ, గోధుమరంగు తోలు, పాతబడ్డ బంగారు చిహ్నాలు ఆకుపచ్చను ఎప్పుడూ ఇబ్బంది పెట్టవు. నీలం మాత్రం ముదురు పచ్చ పక్కన సులభంగా కలిసిపోతుంది. దాన్ని వాడేటప్పుడు రెండు మూడు మెట్ల తేడా తప్పనిసరి.

ఇంత జాగ్రత్తగా ఎంచుకున్న రంగులను చెడగొట్టగలిగేది బల్ల మీది దీపం. 2700 కెల్విన్ల వెచ్చని బల్బు కింద పసుపుపచ్చ అంచుకూ దాని కింది పచ్చకూ తేడా తగ్గినట్టు కనిపిస్తుంది. చాలలేదనుకుని మరింత పసుపు కలుపుతాం. మర్నాడు పగటి వెలుతురులో చూస్తే కవచానికి నిమ్మకాయ రంగు అంటినట్టు ఉంటుంది. 5000 నుంచి 6500 కెల్విన్ల మధ్య, రంగులను నిజంగా చూపే సూచిక 90కి మించిన ఎల్‌ఈడీ దీపం వాడితే ఈ బాధ తప్పుతుంది. యాక్రిలిక్ రంగు తడిగా ఉన్నప్పుడు పాలవంటి జిగురు వల్ల కాస్త లేతగా ఉండి, ఆరాక ముదురుతుందని కూడా గుర్తుంచుకోవాలి. పళ్లెంలో సరిపోయినట్టు కనిపించిన హైలైట్ బొమ్మ మీద చాలకపోవడం అందువల్లే. రంగు కలిపిన వెంటనే ప్లాస్టిక్ ముక్క మీద ఒక గీత గీసి, అది ఆరాక నిర్ణయించడం అలవాటు చేసుకోవాలి.

విజయవాడలోనో వరంగల్లులోనో వేసవిలో ఈ పని చేసేవారికి మరో రెండు మాటలు. మే నెల ఎండల్లో పళ్లెంలో రంగు నిమిషాల్లో బిగుసుకుంటుంది, అంచు గీతకు కావలసిన పలచదనం నిలవదు. తడి స్పాంజి మీద వంటకు వాడే బేకింగ్ కాగితం పరిచిన వెట్ ప్యాలెట్ అక్కడ సౌకర్యం కాదు, అవసరం. స్ప్రే ప్రైమర్ ఆ పొడివేడిలో గాలిలోనే సగం ఆరి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. ముసురు పట్టిన వానాకాలంలో తెల్లటి పొర కడుతుంది. నునుపైన పచ్చ పలకల మీద ఈ రెండు లోపాలూ స్పష్టంగా కనిపిస్తాయి. తెల్లవారుజామున చల్లగా, పొడిగా ఉన్నప్పుడు స్ప్రే చేయాలి, కుదరకపోతే కుంచెతో వేసే ప్రైమర్‌కు మారాలి.

దళం మొత్తానికి రంగు మొదలుపెట్టే ముందు ఒకే ఒక్క బొమ్మను పూర్తిచేయండి. దాని ఎడమ కాలి మీద ఒక వరుస, కుడి కాలి మీద మరొక వరుస వేసి, రాత్రికి వదిలేసి, మర్నాడు కిటికీ దగ్గర మూడడుగుల దూరంలో నిలబెట్టి ఫోన్‌తో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఆ ఫొటోలో మోకాలి పలక అంచు, పిక్క మీది గాడి ఏ కాలిలో విడిగా కనిపిస్తున్నాయో ఆ వరుసను ఉంచుకుని, ఆ సీసాల పేర్లనూ కలిపిన పాళ్లనూ ఒక కాగితం మీద రాసి బల్ల దగ్గర అంటించండి. పదో బొమ్మకు వచ్చేసరికి మూడోవంతు పసుపు కలిపామా, నాలుగోవంతు కలిపామా అన్నది ఎవరికీ గుర్తుండదు.